మా నాయిన చెప్పిన సాక్ష్యం

మా ఇంట్లో పాలు ఒలికినా సభ జరిగేది. నవ్వులాటకు చెప్పడం లేదు. మా నాయిన పార్టీ మనిషి. సూర్యాపేట పక్కన ఆత్మకూర్ (ఎస్) దాటాక ఉన్న మా ఊళ్లో గొర్లమంద, కొంచెం చెలక భూమి, ఎర్రజెండా, ఈ మూడూ ఆయనకు మా తాత నుంచి వచ్చిన ఆస్తి. నెలనెలా మా వాకిట్లో పార్టీ శాఖ సమావేశం జరిగేది. చివర్లో ఒక్కొక్కరే లేచి తమ తప్పులు తామే చెప్పుకోవాలి. దాన్ని ఆత్మవిమర్శ అంటారు. దానికో పద్ధతి ఉంది. తప్పు ఎక్కడ జరిగిందో, పక్కన ఎవరున్నారో దాచకుండా చెప్పాలి. సాకులు చెప్పకూడదు. కన్నీళ్లు పెట్టకూడదు. చెప్పగానే కూర్చోకూడదు కూడా. మిగతావాళ్లు ప్రశ్నలు వేసి, తిట్టవలసింది తిట్టి, ఏం చేయాలో తేల్చేదాకా నిలబడే ఉండాలి.

నాయిన ఈ పద్ధతిని వంటింటి దాకా తెచ్చాడు. నేను పాలగిన్నె బోర్లిస్తే పొయ్యి పక్కన నిలబెట్టి ఆత్మవిమర్శ చేయించేవాడు. నేను తప్పు ఒప్పుకున్నాక అమ్మ వైపు తిరిగి, "ఇంకెవలన్న మాట్లాడుతరా?" అని అడిగేవాడు. అమ్మ గిన్నె తోముతూ, "మాట్లాడితె పాలు మల్లొస్తయా?" అనేది. సభ అక్కడితో ముగిసేది.

ఒక సంగతి చెప్పాలి. నాయినది ఓట్లలో నిలబడే పార్టీ. తుపాకులు పట్టి తిరిగే పార్టీ వేరు. వాళ్లను మా వైపు అన్నలు అనేవాళ్లం. వాళ్లు వీళ్లను తిట్టేవాళ్లు, వీళ్లు వాళ్లను తిట్టేవాళ్లు. పోలీసులకు మాత్రం అంతా ఎరుపే.

రెండు వేల ఒకటిలో నా డిగ్రీ చదువు పేరు చెప్పి నాయిన మమ్మల్ని సూర్యాపేటకు తెచ్చాడు. కిరాయికి రెండు గదులు తీసుకున్నాం. సగం గొర్లను అమ్మాడు, సగం చిన్నాయనకు అప్పగించాడు. మంద లేకపోతే నిద్ర పట్టని మనిషి, ఊళ్లో తన మంద నిలిపే గుట్ట వైపు మళ్లీ పోనే లేదు. నా చదువు మీద అంత ప్రేమ అనుకుని నేను మురిసిపోయాను.

మరుసటేడు అమ్మకు కడుపులో గడ్డ తేలింది. మిర్యాలగూడలో ఆపరేషన్ చేయాలన్నారు. మా పక్క పోర్షన్ ఆమె వెంట అమ్మ అప్పటికే ఆదివారం ప్రార్థనకు పోతోంది. వాళ్ల ఏసుగుడి ఒక రేకుల షెడ్డు, కింద చాపలు, ఒక పక్క ఆడవాళ్లు, ఒక పక్క మగవాళ్లు. ఆపరేషన్‌కు ముందు అమ్మ మొక్కుకుంది. తాను బతికి బయటపడితే మా నాయిన గుడికొచ్చి అందరి ముందు సాక్ష్యం చెప్తాడని. ఆ సంగతి విని నాయిన ఎగిరిపడ్డాడు.

"మొక్కేముందు నన్నొక్కమాట అడగొద్దా?"

"నువ్వు జైలుకు పోయినప్పుడల్ల నన్నడిగి పోయినవా?" అంది అమ్మ.

అమ్మ బతికింది. నాయిన ఆ మొక్కుకు కట్టుబడ్డాడు.

ఆ గుడి పాస్టరు గారు కోదాడ వైపు మనిషి. బక్కపలుచగా ఉండేవాడు, మోపెడ్ మీద తిరిగేవాడు. అమ్మను చూడడానికని వచ్చి నాయినతో వాదంలో దిగేవాడు. నాకు ఆ సాయంత్రాలు ఇష్టం. ఇద్దరూ తిట్టుకోకుండా కొట్లాడుకునేవాళ్లు.

"మొదటి విశ్వాసులు ఉన్నదంతా అమ్మేసి ఒక్కచోట పెట్టుకున్నారండీ. ఎవరికెంత కావాలో అంతే తీసుకున్నారు," అన్నాడొకసారి పాస్టరు గారు.

నాయిన కళ్లు మెరిశాయి. "గిది మా సంగతే గదా! మరెందుకు ఇడిసిపెట్టిండ్రు?"

"మీవాళ్లెందుకు వదిలేశారో మావాళ్లూ అందుకే వదిలేసి ఉంటారండీ."

నాయిన తొడ చరుచుకుని నవ్వాడు. "సూడుండ్రి అయ్యగారు. మీరు పేదోనికి సచ్చినంక ఇస్తమంటరు. మేము మనుమల కాలానికి ఇస్తమంటం. ఇయ్యాలయితే ఇద్దరం ఏమిస్తలేం."

మరోసారి పాపం గురించి వచ్చింది. మనిషిలో పాపమేమీ లేదనీ, తప్పంతా వ్యవస్థదేననీ నాయిన పట్టుబట్టాడు. పాస్టరు గారు మెల్లగా అడిగాడు. "మరి మీరు నెలనెలా లేచి నిలబడి తప్పు ఎవరిదని చెప్పుకుంటారండీ? వ్యవస్థదనా?" ఎంతటి వాదంలోనైనా చివరి మాట తనదే కావాలనే మా నాయిన ఆ రోజు చాయ్ గ్లాసు కింద పెట్టి వాకిట్లోకి పోయాడు. పాస్టరు గారి నోటికి నాయిన ఓడిపోయాడని నేను లోపల నవ్వుకున్నాను.

సాక్ష్యం చెప్పే ఆదివారం వచ్చింది. గుడికి పోయేవాళ్లకు సాక్ష్యమంటే ఏమిటో తెలుసు. దేవునికి స్తోత్రం అనాలి, జబ్బు చేసిందని చెప్పాలి, దేవుడు బాగు చేశాడని చెప్పాలి, కూర్చోవాలి. నాయినకు అది ఎవరూ చెప్పలేదు. నాకూ తోచలేదు. పదిమంది ముందు లేచి తన గురించి తాను మాట్లాడడానికి ఆయనకు తెలిసిన పద్ధతి ఒక్కటే.

నాయిన లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. మా ఊరి పేరు చెప్పాడు, గుట్ట పేరు చెప్పాడు.

"కొన్నేండ్ల కింద నా మంద కాడికి అన్నలు వచ్చిండ్రు. పొద్దుగాల్నే వచ్చిండ్రు. నేను అన్నం బెట్టిన. వాళ్లల్ల ఒక ఆడపిల్ల ఉండె. పొద్దెక్కినంక పోలీసోళ్లు వచ్చిండ్రు. ఎటు పోయిండ్రని అడిగిండ్రు. వాగు దిక్కు పోయిండ్రని సూపెట్టిన. మాపటికి ఆ పిల్ల శవాన్ని ట్రాక్టర్ల ఏసుకపోయిండ్రు. ఆ పిల్లది మునగాల దిక్కు ఊరని తర్వాత తెలిసింది. గిది నా తప్పు. పార్టీల ఎన్నడు చెప్పలే. మీటింగుల మాట అడవి దాక పోతదని భయపడి దాసిన. అదిగూడ నా తప్పే."

అంతే. గొంతు వణకలేదు, కన్నీరు రాలేదు. నాకు మాత్రం మా నాయిన తన చావును తానే చదువుతున్నట్టు అనిపించింది. అప్పటి రోజులు తెలిసినవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. అన్నలకు అన్నం పెట్టినవాణ్ణి పోలీసులు వదలరు. పోలీసులకు దారి చూపినవాణ్ణి అన్నలు వదలరు. మా నాయిన ఒక్క ఊపిరిలో రెండూ ఒప్పుకున్నాడు. మగవాళ్ల వైపు మూలన కూర్చున్న మనిషి పోలీస్ స్టేషన్లో హోంగార్డు. ఆడవాళ్లలో మునగాల నుంచి వచ్చేవాళ్లు కూడా ఉన్నారు.

నాయిన కూర్చోలేదు. ఎందుకు కూర్చుంటాడు? ఆత్మవిమర్శ అయింది గానీ విమర్శ కాలేదు. అందరి వంకా చూసి, "ఇంకెవలన్న మాట్లాడుతరా?" అని అడిగాడు.

అందరూ పాస్టరు గారి వైపు చూశారు. పాస్టరు గారి ముఖం పాలిపోయింది. తేరుకుని, "దేవుడు క్షమించాడు బ్రదర్, కూర్చోండి," అని గబగబా పాట ఎత్తుకున్నాడు. అందరూ అవసరానికి మించి గట్టిగా పాడారు.

ఇంటికొచ్చాక అమ్మ తలుపేసి గడియ పెట్టింది. అప్పుడు ఏడ్చింది. "పోలీసోళ్ల దెబ్బల సంగతి ఎందుకు జెప్పలేదయ్యా? చేతి ఏళ్లు ఇరగ్గొట్టిందాక నువ్వు చెప్పకపోతివి గదా!"

నాయిన ఎడమచేతి రెండు వేళ్లు ముడుచుకోవు. గుట్ట మీద జారిపడ్డాడని నాకు చెప్పారు. నేను నమ్మాను.

"గది సాకు," అన్నాడు నాయిన. "ఆత్మవిమర్శల సాకు చెప్పొద్దు." తర్వాత మంచం మీద కూర్చుని ఆశ్చర్యంగా అన్నాడు. "గింత జల్దీనా? ఒక్కడు ప్రశ్న అడగలే, ఒక్కడు తిట్టలే. మాఫ్ అయిందన్నరు, అయిపోయింది. గిదెక్కడి పద్ధతి?"

నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. నాస్తికుడివి, నాస్తికుడిలాగానే ఉండొచ్చు గదా అని అరిచాను. చాలాకాలం తర్వాత గానీ అర్థం కాలేదు. ఇన్నేళ్లూ చెప్పే పద్ధతి తెలిసి ధైర్యం లేక దాచుకున్నాడు. పాస్టరు గారి దగ్గర కాస్త ధైర్యం దొరికేసరికి తెలిసిన పద్ధతిలోనే చెప్పేశాడు. దేవుణ్ణి నమ్మాడని అనను. ఎవరో ఒకరు వింటారని నమ్మాడు.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పమంటే, భయంతో గడిచాయని చెప్తాను. వీధిలో బండి ఆగితే అమ్మ చేతిలో గరిటె ఆగిపోయేది. కాలేజీకి పోతే ఇంట్లో ఏమవుతోందోనని, ఇంట్లో ఉంటే వాకిట్లో ఎవరున్నారోనని. కొత్త ముఖం కనబడితే అది పోలీసుదా అన్నలదా అని తూకం వేసేదాన్ని. నేను మొదటి నుంచీ పిరికిదాన్నే. అప్పుడైతే సగం అన్నంలోనే లేచిపోయేదాన్ని. నాయిన ఒక్కడే కడుపు నిండా తినేవాడు. మోసినవాడు దించుకున్నాడు, మేం ఎత్తుకున్నాం.

ముందు వచ్చింది హోంగార్డు. పొద్దున్నే యూనిఫాంలో వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. అమ్మ నాయినకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"మామా," అన్నాడతను నేల చూస్తూ. "మొన్న ఐతారం నాకు డ్యూటీ పడ్డది. నేను గుడికి రాలే. సమజైందా? నేను రానేలే."

"వచ్చినవ్ గదా, మూలకు కూసున్నవ్," అన్నాడు నాయిన. ఈ మనిషిని ఏం చేయాలి?

"రాలే మామా!" దాదాపు బతిమాలాడు. "నాకు పిల్లలున్నరు. అబద్ధమాడినందుకు దేవునికి నేను జెప్పుకుంట." అని గిర్రున తిరిగి పోయాడు. అమ్మ అక్కడే కూలబడి స్తోత్రం స్తోత్రం అంది. ఒక వైపు భయం కొంత తగ్గింది.

అన్నల వైపు భయం అలాగే ఉంది. పాస్టరు గారు ఆ వారమే వచ్చి, కోదాడలో తన అక్కగారింట్లో నాయినను కొన్నాళ్లు ఉంచుతానన్నాడు. "నేనే మాట్లాడమన్నాను గదండీ, నాకూ బాధ్యత ఉంది," అన్నాడు. తనకూ ప్రమాదమేనని తెలిసి వచ్చాడు. నాయిన తల అడ్డంగా ఊపాడు గానీ అమ్మ ఏడుపుకు లొంగిపోయాడు.

నాయిన కోదాడ పోయిన కొద్ది రోజులకు ఒకామె మా ఇంటికొచ్చింది. అమ్మ కంటే పెద్దది. అంచు మాసిన చీర, చేతిలో గుడ్డసంచి. గుమ్మంలో కూర్చుని మంచినీళ్లు అడిగింది. తాగాక చెప్పింది.

"వాగు కాడ సచ్చిపోయిన పిల్ల నా బిడ్డ. మీ గుడికొచ్చే గాజులామె మా ఊరిదే. ఆమె చెప్పింది. మీ ఆయనేడి?"

అమ్మ నా వైపు చూసింది. లేడని నేనే అన్నాను.

"యాడున్నడు?"

తెలియదన్నాను. ఆమె నా ముఖం వంక చూసింది. "అన్నలకు జెప్పేదుంటే నీ ఇంటికెందుకొస్త బిడ్డా? వాళ్ల తొవ్వ తెల్వకనా?" అంది. కోపంగా కూడా అనలేదు. అమ్మ లోపలికి పోయి నా చేతిలో బస్సు కిరాయి పెట్టింది. "తీస్కపో," అంది. "కన్నతల్లి అడుగుతున్నది."

సూర్యాపేట నుంచి కోదాడ దూరమేమీ కాదు. కానీ నా జీవితంలో అంత పొడుగు ప్రయాణం మళ్లీ చేయలేదు. ఆమె కిటికీ పక్కన, నేను ఆమె పక్కన. నేను నా చేతులతో నాయినను పట్టించబోతున్నానా? ఈమె చూసొచ్చి చోటు చెప్తే? వెనక సీట్లో మెడకు తువ్వాలు చుట్టుకున్న ఒకతను మమ్మల్నే చూస్తున్నాడనిపించింది. మునగాల దగ్గర బస్సు దాబా ముందు ఆగింది. తువ్వాలు మనిషి దిగిపోయాడు. బస్సు కదిలాక ఆమె ఒకే ఒక్క మాట అంది. "నీకు గూడ దాని ఈడే ఉంటది." నేను తల దించుకున్నాను. దిగి వెనక్కి పారిపోవాలనిపించింది.

కోదాడలో ఆ ఇంటి వెనక వసారాలో నాయిన గొర్లవెంట్రుకలతో తాడు పేనుతున్నాడు. నేను చెప్పకముందే ఆమె ఎవరో ఆయనకు తెలిసిపోయింది. తాడు పక్కన పెట్టాడు. లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కూసో," అందామె. "నేను సభను గాదు. కూసోని చెప్పు."

నాయిన కూర్చున్నాడు. కూర్చుని చెప్పడం ఆయనకు రాదు. గుడి నిండా జనం ముందు తొణక్కుండా చెప్పిన మనిషి ఒక్క మనిషి ముందు నోరు తెరిచి మూశాడు. ఊరి పేరు అన్నాడు, ఆగిపోయాడు. గుట్ట పేరు అన్నాడు, ఆగిపోయాడు. మా నాయిన ఏడవడం నేను చూసింది అప్పుడే. ఏడుపులోనే అంతా చెప్పాడు, వాగు దిక్కు చెయ్యి చూపిన దాకా.

"ఉత్తగనే సూపెట్టినవా? కొట్టిండ్రా?"

నాయిన ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"చెయ్యి ఇటియ్యి."

ఇచ్చాడు. ముడుచుకోని ఆ రెండు వేళ్లను ఆమె వంచి చూసింది. చెయ్యి వదిలేసింది.

"మా బిడ్డ అన్నం తిన్నదా?"

"తిన్నది అక్కా. మారు వెట్టించుకున్నది. తిన్నంక ప్లేటు కడుగుతుంటే ఉండనియ్యి బిడ్డా అన్న. ఎంగిలి ప్లేటు ఇడిసిపెడితే మా అమ్మ తిడ్తదన్నది. నవ్విందక్కా."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. పాస్టరు గారి అక్క ప్రార్థన చేద్దామా అని మెల్లగా అడిగింది. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"మీ గుడిల దేవుడు మాఫ్ చేసిండన్నరట. అన్నలు స్తూపం కట్టి అమరురాలని రాసిండ్రు. ఇద్దరికిద్దరు నన్నొక్కమాట అడగలే." నాయిన వైపు తిరిగింది. "నేను మాఫ్ చెయ్య. చేస్తే దానికి ఇంకెవలున్నరు? గాని ఎవ్వలకు చెప్ప. నువ్వు బతకాలె. దాన్ని ఆఖరుకు సూసినోనివి నువ్వొక్కనివే. ఏడాదికొకపారి మా ఇంటికొచ్చి గిదంత మల్ల చెప్పు. నువ్వు సచ్చిపోతే నాకెవడు చెప్తడు?"

నాయిన పోయేవాడు. బతికినన్నేళ్లూ పోయాడు. కాలం మారింది, అన్నలు ఆ చుట్టుపక్కల లేకుండా పోయారు, గుట్టను తొలిచి కంకర చేశారు. వీధిలో బండి ఆగితే ఉలిక్కిపడడం మేం మరిచిపోయాం. నాయిన మాత్రం ఆ ఇంటికి పోయే ముందు రోజు నుంచే ముద్ద ముట్టేవాడు కాదు. పోలీసులకూ అన్నలకూ భయపడని మనిషి ఆ ముసలామెకు భయపడ్డాడు. ఆదివారాలు గుడికీ పోయేవాడు, పార్టీ మీటింగులకూ పోయేవాడు. రెండుచోట్లా చివరి వరసలో కూర్చునేవాడట. పార్టీలో ఆ మాట చెప్పాడో లేదో నాకు తెలియదు.

రెండు వేల పదమూడులో నాయిన పోయాడు. జెండా కప్పుతామని వాళ్లు, ప్రార్థన చేస్తామని వీళ్లు. రెండూ కానిమ్మంది అమ్మ. ఆ ముసలామె రాలేదు. కబురు అందిందని మాత్రం గాజులామె చెప్పింది.

మరుసటి ఏడు నాయిన ఆ ఇంటికి పోయే రోజు వచ్చింది. పొమ్మని నాకెవరూ చెప్పలేదు. బస్సెక్కాను. మునగాలలో దిగి ఆటో పట్టుకుని పోయాను. పొలాల నుంచి ఊళ్లోకి పోతూ నాయిన మాటలే లోపల చదువుకున్నాను. నేను చూడని పిల్ల, నేను ఎక్కని గుట్ట. ఒక్క మాట ఎక్కువ చెప్తే అబద్ధమవుతుంది, ఒక్క మాట తక్కువ చెప్తే ఆమె బిడ్డ అంతమేరకు తగ్గిపోతుంది.

ఆమె గడప మీద కూర్చుని ఉంది. చూపు బాగా తగ్గింది.

"ఎవలు?"

చెప్పాను. జరిగి చోటిచ్చింది. కూర్చున్నాను.

"పొద్దుగాల్నే వచ్చిండ్రు అమ్మా," అని మొదలుపెట్టాను.